పుట్టిన ఊరి పట్టింపు

వెనకటికి సింగవరంలో ఊరిపెద్దను ఎన్నుకునే సభ పెట్టారు. కరువుకి వలసొచ్చి, అక్కడే బుట్టలల్లుకుని బతుకుతున్న చుక్కమ్మ కూడా వచ్చి కూర్చుంది.

“ఈ ఊళ్లో పుట్టినవాళ్లే చెయ్యెత్తాలి, నువ్వు లే!” అని గద్దించాడు, మళ్లీ తానే పెద్ద కావాలనుకుంటున్న బుచ్చిరామయ్య.

“చిత్తం. మీ అమ్మగారికి తమరు తొలిచూలు బిడ్డే కదండీ?”

“అవును, పెద్దకొడుకుని!” అన్నాడాయన మీసం దువ్వుతూ.

“తొలి పురుడు పుట్టింట్లోనే కదా! అంటే తమరు పుట్టింది అమ్మమ్మగారి ఊళ్లో. నా చంటిది మాత్రం ఇక్కడే పుట్టింది.”

సభంతా గొల్లున నవ్వింది. నవ్వినవాళ్లలో సగంమంది పెద్దకొడుకులేనాయె! బుచ్చిరామయ్య లేవబోయాడు, పాపం.

“కూర్చోండి బాబూ! దిక్కులేక వచ్చిన నాకు ఈ అమ్మలక్కలే పురుడు పోశారు. పురుడు పోసిన ఊరు నాకు పుట్టిల్లు కాదా? పుట్టింట్లో ఆడపడుచు మాట చెల్లదా?”

బుచ్చిరామయ్య తనే జరిగి చాప మీద చోటిచ్చాడు. ఆ చోటిచ్చినందుకు, చుక్కమ్మ ఆయనకే చెయ్యెత్తింది!