రిబ్బను కట్టిన వైఫై

అదో పెద్ద విశ్వవిద్యాలయం. అక్కడ అన్ని భవనాలకూ వైఫై పెట్టెలు బిగించి, వాటిని నడిపే యంత్రాన్ని ఓ ఇనుప బీరువాలో పెట్టి నెల దాటింది. వీసీ గారు దానికి ఎర్ర రిబ్బను కట్టించి, "మంత్రిగారొచ్చి మీట నొక్కేదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అన్నారు. మంత్రిగారి రాక మూడుసార్లు వాయిదా పడింది. పిల్లలేమో సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకెక్కుతున్నారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఇంక రెండు రోజులే గడువు.

ఆ పెట్టెలు బిగించిన వైర్‌మన్ పైడినాయుడు వీసీ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, పోయినేడు మంత్రిగారు మీట నొక్కితే మన ఫౌంటెన్ నీళ్లు చిమ్మలేదు. గుర్తుందాండి?"

వీసీ గారు గబుక్కున కుర్చీలోంచి లేచారు. "దీన్ని పరీక్షించావా?"

"నా ఒక్క ఫోనుతో చూశానండి. మంత్రిగారొచ్చిన రోజు మూడువేల ఫోన్లు ఒక్కసారే తగులుకుంటే ఏటవుద్దో చెప్పలేను."

"అయితే పిల్లలందరిచేతా వాడించి చూడు!"

"అలాగే బాబూ. ఎన్నాళ్లు చూడమంటారు?"

"మంత్రిగారు వచ్చేదాకా చూస్తూనే ఉండు!"

సాయంత్రానికి ట్యాంకు మీద ఒక్కరూ లేరు.

ఆర్నెల్లకు మంత్రిగారు వచ్చారు. అయిదు నిమిషాల ముందు పైడినాయుడు ఆపి ఉంచిన యంత్రానికి రిబ్బను కత్తిరించి మీట నొక్కారు. పచ్చదీపాలు వెలిగాయి. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది, ఆర్నెల్లుగా దాన్ని పరీక్షిస్తున్న పిల్లలే.