కంత పక్కన పడక

జొన్నచేను గట్టున ఉన్న దొడ్లో ముసలికుక్క చచ్చిపోయిన దగ్గర్నుంచీ కావలికి దిక్కులేకుండా పోయింది. బావురుపిల్లి ఒకటి కంచె దూరి వచ్చి కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోంది. చుక్కమ్మ అనే పెట్టకి కడుపు రగిలిపోతోంది. మిగిలిన పిల్లల్నైనా దక్కించుకోవాలని ఆమె తాపత్రయం.

అలాంటప్పుడు దిగాడు నక్క సింగన్న, ముఖాన ఎక్కడలేని మర్యాదా పులుముకుని.

"కావలి నేను కాస్తానమ్మా. రోజుకో గుడ్డు ఇప్పించండి చాలు. దొంగొస్తే తరిమి తరిమి కొడతా. కాకపోతే పోయినదానికి మాత్రం నన్నడక్కూడదు."

ఎద్దు కాటమయ్య నెమరు ఆపకుండానే తలూపాడు. "ఒప్పేసుకో చుక్కమ్మా. ఇక మనం హాయిగా పడుకోవచ్చు."

"నువ్వు పడుకుంటావు మావయ్యా, పోయేది నా పిల్లలు కదా!" అని చుక్కమ్మ సింగన్న వైపు తిరిగింది. "తరమడం సరే, అసలు రాకుండా చూసేదెవరు? అదిగో, కంచె మూల కంత ఉంది. ముందు దాన్ని పూడ్చు."

"నేనుండగా కంతకి భయమేంటమ్మా? అలా వదిలెయ్. దొంగ అటే వస్తాడు, అక్కడే పట్టేస్తా."

చుక్కమ్మకి ఈకలు నిక్కబొడుచుకున్నాయి. కావలివాడే కంత పూడ్చనంటున్నాడంటే, దాంతో వాడికేదో పని ఉందన్నమాట! అయినా బయటపడలేదు.

"అట్లాగే కానీ. మా దొడ్డి ఆనవాయితీ ఒకటుంది. కావలివాడి సంసారం కూడా దొడ్లోనే ఉండాలి. కుక్క అలాగే ఉండేది."

సింగన్నకి నోరూరింది. కోళ్ల మధ్యన కాపురం! "అంతకంటేనా!" అంటూ అప్పటికప్పుడే పెళ్లాన్నీ, ఇంకా కళ్లు తెరవని కూనల్నీ తెచ్చేశాడు. అందరి ముందూ ఒప్పందం ఖాయమైంది.

చుక్కమ్మ తన పిల్లల్ని కాటమయ్య డొక్క పక్కన సర్దింది. నక్క కూనలకి మాత్రం సరిగ్గా కంత ముందు మెత్తగా గడ్డి పరిచింది.

సింగన్న గతుక్కుమన్నాడు. "ఇక్కడా? వేరే చోటు చూడమ్మా."

"ఎందుకు బాబూ? నువ్వుండగా కంతకి భయమేంటి?"

కాటమయ్య ఫక్కున నవ్వాడు. నక్క పెళ్లాం మాత్రం నవ్వలేదు. "నీ స్నేహితుడు బావురుపిల్లి ఈ సాయంత్రమే వస్తానన్నాడుగా! మెత్తగా కనిపిస్తే చాలు, కోడిపిల్లా నక్కకూనా అని చూస్తాడా వాడు? లేచి కంప లాక్కురా!" అని విరుచుకుపడింది.

గుట్టంతా బయటపడేసరికి సింగన్న వాకిలి వైపు జారుకోబోయాడు. అప్పటికే కాటమయ్య లేచి, కొమ్ములు వంచి అడ్డంగా నిలబడ్డాడు. "ఒప్పుకున్నాక పోవడమేంటి అల్లుడూ? పని చూడు."

ఇక చేసేదేముంది? మూలనున్న తుమ్మకంపంతా ఈడ్చుకొచ్చి, ఒళ్లు చీరుకుపోతున్నా కంత పూడ్చాడు సింగన్న. పొద్దువాలుతుండగా బావురుపిల్లి వచ్చి ధీమాగా తల దూర్చింది. ముళ్లు ముక్కున దిగాయి.

"ఒరే సింగన్నా! తెరిచే ఉంచుతానన్నావు కదరా!" అని కుయ్యోమంది.

"ఎవడ్రా నువ్వు? నీ ముఖం నేనెప్పుడూ చూళ్లేదు! పో దొంగవెధవా!" అని సింగన్న ఎగిరెగిరి అరిచాడు. ఆ బావురుపిల్లి మళ్లీ ఆ దిక్కుకి రాలేదు. చుక్కమ్మ పిల్లలు దక్కాయి. సింగన్నకి రోజుకో గుడ్డూ దక్కింది, కానీ దానికోసం నిజంగానే కావలి కాయాల్సి వచ్చింది పాపం!

నీతి: దొంగతనం జరిగితే తనకీ నష్టమని తెలిసినప్పుడే కావలివాడు కంత పూడుస్తాడు.