చేతికర్ర నాడి

ఓబులేసు నూట నలభై మెట్లూ ఒక్క ఊపున ఎక్కి వచ్చాడు. కొండ మీద నాడి చూసి మందిచ్చే సూఫీ గురువు హుసేనప్పకు అతను పదేళ్లుగా శిష్యుడు. ఊళ్లో అందరిలాగే అతనూ ఆయన్ని తాత అనే పిలుస్తాడు.

“మనసు కుదురుగా లేదు తాతా,” అన్నాడు ఆయాసపడుతూనే.

అతని పని ఇంటర్‌నెట్ వేగం కొలవడం. అందుకు లోకమంతా కలిసి వాడుకునే చిన్న చిన్న పెట్టెలున్నాయి. ఎవరో ఇష్టపడి ఇంట్లోనో బడిలోనో ఒకటి పెట్టుకుంటారు. ఫలానా చోటికి కబురు పంపి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పమని ఎవరైనా దాన్ని అడగొచ్చు.

“మండలంలో పదహారు బడులకు కుళ్లాయమ్మ అనే ఆమె లైను వేసింది. స్తంభాలు గూడా తనే ఎక్కుతుంది. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే, కబురు పోయి రావడానికి ఇరవై ముక్కలు చాలు. ఆమె లైను మీదున్న ఒక బడిలో అట్లాంటి పెట్టె ఉంది, దాంతో కొలిస్తే ఎనభై పడుతోంది. సోమవారం నా రిపోర్టు పోతే ఆ పని ఆమెకుండదు. నిన్న ఆఫీసుకొచ్చి, నా లైనుకు ఏ జబ్బూ లేదు సార్ అని ఏడ్చింది.”

“నువ్వేమన్నావు?”

“వెయ్యిసార్లు కొలిచినానమ్మా, అంకెలు నాకు చుట్టాలు గాదు అన్నాను.”

ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. వెయ్యిసార్లు కొలిచినవాడికి ఆపాటి ఉంటుంది మరి.

తాత తన చేతికర్ర అతని చేతిలో పెట్టాడు. “దీనికి నాడి చూడప్పా.”

“కర్రకా?”

“బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టు.”

ఓబులేసు నవ్వుతూ నొక్కాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. “కొట్టుకుంటాంది తాతా!”

“లెక్కపెట్టు.”

వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాడు. నిమిషానికి నూట పన్నెండు.

“రాసిపెట్టుకో. పోయి ఆ నీడన కూచో.”

అప్పటికే మందు కోసం ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది. తాత మూడు వేళ్లు ఆమె మణికట్టు మీద ఆనించి, బొటనవేలు దూరంగా ఉంచి, కళ్లు మూసుకున్నాడు. ఆమెకు కషాయం పొట్లం కట్టి పంపాడు. తర్వాత ఇంకొకరికి చూశాడు. అరగంట గడిచింది.

“ఇప్పుడు చూడు.”

ఓబులేసు మళ్లీ కర్ర పట్టుకున్నాడు. డెబ్బై నాలుగు.

“మేలే,” అన్నాడు తాత. “కర్రకు జ్వరం తగ్గినట్టుంది.”

ఓబులేసు నవ్వలేదు. కర్ర మీద కొట్టుకుంటున్న తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

తర్వాత సంచిలోంచి ల్యాప్‌టాప్ తీశాడు. కుళ్లాయమ్మ లైను మీదున్న ఆ బడి పెట్టెను ఈ గంటలో ఎంతమంది వాడుతున్నారో వెతికాడు. మూడు వందల పద్నాలుగు మంది. ఇన్నాళ్లూ ఆ సంగతి చూడాలని అతనికి తోచనే లేదు.

ముందు ఎప్పటి కొలతే కొలిచాడు. ఎనభై రెండు. వెంటనే, దూరానికెక్కడికీ కాకుండా, ఆ బడిలో అది ఉన్న గదిలోనే పక్క బల్ల మీదున్న కంప్యూటరుకు కబురు పంపమని పెట్టెకు చెప్పాడు. మధ్యలో ఉన్నది మూరెడు తీగ. ఒక్క ముక్కయినా పట్టకూడని ఆ కబురుకు అరవై ఒక్క ముక్కలు పట్టాయి.

ఆలస్యం ఆమె లైనులో లేదు, అంతమంది పని మీద పడిన పెట్టెలోనే ఉంది. నిన్న ఆమె ఏడుస్తుంటే తను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

రిపోర్టు చెరిపేసి లేచాడు. గబగబా మెట్ల వైపు నడిచాడు.

“యాడికి?” అన్నాడు తాత.

“కుళ్లాయమ్మ దగ్గరికి.”

“పో. పోయేముందు నా కర్ర ఇచ్చిపో.”

ఓబులేసు ఆగి చూసుకున్నాడు. కర్ర ఇంకా అతని చంకలోనే ఉంది. వెనక్కి వచ్చి రెండు చేతులతో అందించాడు.

తాత దాన్ని పక్కన ఆనించుకున్నాడు.

“దీనికి ఏ జబ్బూ లేదు నాయనా.”