చిలుక బదులు పలికిన కథ

అనగా అనగా, సముద్రాలకు ఇంకా ఉప్పదనం అంటని రోజుల్లో, ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు.

ఏడు సముద్రాల అవతల, ఒక కరీబియన్ దీవిలో, కబాంబుడనే మాంత్రికుడు మనుషులను చెట్లుగా మార్చేవాడు. వాడి ప్రాణం ఒక పచ్చచిలుకలో ఉండేది. ఆ చిలుకను పట్టి వాడి పీడ వదిలించాలని పెద్ద రాకుమారుడు విల్లుతో వెళ్ళాడు, కొబ్బరిచెట్టయ్యాడు. రెండోవాడు వలతో వెళ్ళాడు, కొబ్బరిచెట్టయ్యాడు. మూడోవాడైన నీలధ్వజుడు వట్టిచేతులతో బయలుదేరాడు.

అతడు ఒడ్డున దిగగానే రెండు కొబ్బరిచెట్లు గాలి లేకుండానే అతని వైపు వంగాయి. అన్నలే! నీలధ్వజుడికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏడిస్తే అన్నలు తిరిగిరారయ్యా," అంది కాళ్ళ దగ్గర ఒక నీలిపీత. "నేను సోలాంజ్‌ను, ఈ దీవి రాకుమారిని. నన్నిలా పీతను చేసినవాడూ ఆ మాంత్రికుడే."

"చిలుకనెలా పట్టుకోను, రాకుమారీ?"

"పట్టుకోకు, కథ చెప్పు. మా దీవిలో కథకుడు 'క్రిక్!' అంటే వినేవారు 'క్రాక్!' అంటారు. అలా అన్నవారు కథ ముగిసేదాకా కదలలేరు. ఏ మాటకు క్రాక్ అంటే ఆ మాట జరిగితీరుతుంది. ఆ చిలుకకు నోరు ఊరుకోదు."

నీలధ్వజుడు ఎత్తయిన బండనెక్కి, "క్రిక్!" అని అరిచాడు. కొమ్మమీది చిలుక మెడ వంచింది.

"క్రిక్!" చిలుక రెక్కలు విదిల్చింది.

"బదులు చెప్పకే, వాగుడుకాయా!" అంటూ మాంత్రికుడు ఇసుకలో పరుగెత్తుకొచ్చాడు.

"క్రిక్!"

"క్రాక్!" అంది చిలుక.

అంతే! చిలుక కాళ్ళు కొమ్మకు, దానిలో ప్రాణమున్న మాంత్రికుడి కాళ్ళు ఇసుకకు అతుక్కుపోయాయి. "ఒక రాజుకు ముగ్గురు కొడుకులు..." అని నీలధ్వజుడు తాపీగా తమ కథే మొదలుపెట్టాడు. సముద్రం పోటెక్కింది. నీళ్ళు మాంత్రికుడి మోకాళ్ళకొచ్చాయి, నడుముకొచ్చాయి, గొంతుకొచ్చాయి.

"ముగించరా, చస్తున్నాను!"

"ఎలా ముగించను మామా? కథలో అన్నలింకా చెట్లుగానే ఉన్నారే!"

మాంత్రికుడు కక్కలేక మింగలేక తన మంత్రాలను తానే విప్పాడు. చెట్లన్నీ మనుషులయ్యాయి. అన్నలు పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నారు. పీత ఉన్నచోట సోలాంజ్ నవ్వుతూ నిలబడింది.

"ఇక ముగించు!"

"ఆనాటితో ఆ మాంత్రికుడు మంత్రాలన్నీ మరచి, కొబ్బరికాయలు ఒలుచుకుంటూ బతికాడు. క్రిక్!"

"వద్దే, వద్దే!" అని మాంత్రికుడు మొత్తుకున్నాడు.

"క్రాక్!" అంది చిలుక ఉత్సాహంగా.

అన్నలు తండ్రి రాజ్యానికి మరలిపోయారు. నీలధ్వజుడు సోలాంజ్‌ను పెళ్ళాడి ఆ దీవిని చిరకాలం ఏలాడు. వాళ్ళ పెళ్ళివిందుకు కొబ్బరికాయలు ఒలిచింది ఎవరో మీకు తెలుసు. కథ తన దీవికి చేరుకుంది, మనం మన గడపలోనే ఉన్నాం. పిల్లలూ, క్రిక్!