రేవు బావి దగ్గర ఒక్క అక్షరం

సముద్రాన్ని ఆనుకుని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే మహోదధివర్మకు, తనకు రాని భాషే లేదని మహా గొప్ప.

ఒకనాడు ఆయన రేవుకు వచ్చేసరికి, అప్పుడే ఓడ దిగిన అరబ్బు నావికుడొకడు బావిగట్టు మీద చెయ్యేసి "మా! మా!" అంటున్నాడు.

రాజు కళ్ళెర్రజేశాడు. "మా బావిని పట్టుకుని మాదంటాడా? వీణ్ణి చెరలో వేయండి!"

ఓడలవాళ్ళ మాటలు మనకూ, మన మాటలు వాళ్ళకూ చెప్పే దుబాసీ దాలయ్య పరుగున వచ్చాడు. "మహాప్రభూ, వాళ్ళ భాషలో మా అంటే నీళ్ళండి. దాహమేసి అడుగుతున్నాడు."

"నాకే భాష నేర్పుతావటోయ్? రుజువు చెయ్యి. లేదా వాడి పక్కన నువ్వూ చెరలో కూర్చో!"

దాలయ్య చేతులు జోడించి అన్నాడు: "చిత్తం. రేవు ఆచారం ఒకటుంది కదండీ. తగువు పడ్డ ఇద్దరూ దుబాసీ చాప మీద కూర్చుని ఒకే పళ్ళెంలో తినాలి. ఏం కావాలన్నా అవతలివాడి భాషలోనే అడగాలి. సొంత భాషలో అడిగితే ఓడినట్టే."

కాదంటే తన గొప్ప ఏం కావాలి? రాజు మీసం దువ్వి కూర్చున్నాడు.

దాలయ్య భార్య పైడమ్మ ఉప్పుచేప వేపుడు పెట్టింది. దాని నిండా గొడ్డుకారమే. నావికుడు ఓ ముక్క నమిలి, దాలయ్య చెవిలో ఊదినట్టే తెలుగులో "నీళ్ళు" అన్నాడు. పైడమ్మ చెంబెడు నీళ్ళిచ్చింది. గటగటా తాగాడు.

రాజుగారూ ఓ ముక్క నోట్లో వేసుకున్నారు. ముక్కు కారింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. అడగనిదే నీళ్ళివ్వడానికి ఎవరూ కదలరు. ఎంతసేపని ఓర్చుకుంటారు పాపం!

"మా! మా! మా!" అని అరిచారు.

దాలయ్య చేతులు కట్టుకున్నాడు. "బావి తమదేనండి ప్రభూ. ఎవరు కాదన్నారు?"

రాజు చెంబు లాక్కుని తాగి, ఊపిరి పీల్చుకుని, పకపకా నవ్వాడు. "ఓడానోయ్, మా అంటే నీళ్ళే! నావికుణ్ణి వదిలేయండి. అవునూ, ఈ ఒక్క అక్షరం ఇంకెవరి నోట ఏమవుతుంది?"

"ఉత్తరాదిన అమ్మ అవుతుందండి. చీనావాళ్ళు ఓ తీరుగా సాగదీస్తే గుర్రం. సంస్కృతంలో వద్దని. ఇంత చిన్న అక్షరంలో అంత లోకం ఎలా పట్టిందో, నాకూ వింతేనండి!"

"అయితే చీనావాళ్ళ మా నీకు బహుమానం!" అని రాజు తన గుర్రాన్నే తెప్పించాడు.

అది సకిలించేసరికి, గుర్రమెక్కి ఎరగని దాలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "మా, ప్రభూ, మా! సంస్కృతంలో అంటున్నానండి!"

అయ్యో, ఇతనికీ దాహమేసిందని, నావికుడు గబగబా చెంబు నింపి తెచ్చి దాలయ్య చేతిలో పెట్టాడు.