లింబవ్వ వేసిన మూడు కుట్లు

తుపాకులు కొత్తగా వచ్చిన కాలమది. ఎన్నేళ్ల కిందట అని అడగకండి, నాకు చెప్పినవాళ్లకూ తెలీదు. ఒక కోట ఉండేది. కోటలో ఒక రాజు, రాజుకు గుర్రపు దండు, దండులో ప్రతి రౌతు నడుమునా ఒక వంపు కత్తి. ఆ కత్తులకు ఒరలు కుట్టే ముసలామె కోట గోడ బయట ఉండేది. ఆమె పేరు లింబవ్వ.

యుద్ధం అయ్యాక ఒరలు మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవి. లోపలి గుడ్డకు అంటిన నెత్తురు కడిగేదీ ఆమే. కొన్ని ఒరలను కొత్త రౌతులు తెచ్చేవాళ్లు. పాత రౌతు ఏడని లింబవ్వ అడిగేది కాదు.

ఒకరోజు రాజు చాటింపు వేయించాడు. ఇక రౌతులకు తుపాకులే. రేపు పొద్దుగుంకేలోగా కత్తులన్నీ ఆయుధశాలకు చేరాలి. మంచి ఒరల్లో చేరాలి.

రౌతులంతా ఒరలు బాగుచెయ్యమని కత్తులు తెచ్చి లింబవ్వ గుడిసె ముందు పెట్టి వెళ్లారు.

వాళ్లలో కసవన్న, బైరోజి ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న స్నేహితులు. ఒక గుర్రప్పందెం నాడు బైరోజి అందరి ముందూ, "కసవన్నా, నీ గుర్రానికి తల్లి గాడిదా, తండ్రి గాడిదా?" అన్నాడు. అంతే. మాటలు పోయాయి. పగ మిగిలింది.

మర్నాడు పొద్దున్నే కసవన్న వచ్చాడు.

"అవ్వా, నా కత్తి ఇయ్యి. మధ్యాహ్నం బైరోజి తల తీయాలి. రేపటి నుంచి కత్తి ఉండదు."

లింబవ్వ తోలుదారాన్ని నీళ్లలో ముంచింది. "ఇంకా కుట్టు ఉంది నాయనా, కాసేపాగి రా."

తర్వాత బైరోజి వచ్చాడు. "అవ్వా, నా కత్తి! ముందు కసవన్న చెవులు కోయాలి, ఆ తర్వాత తల."

"అంత పనీ ఇయ్యాలే చేస్తావా?"

"రేపు కత్తి ఉండదు కదవ్వా!"

లింబవ్వ ఇంకో తోలుదారాన్ని నీళ్లలో ముంచింది.

చివరికి కసవన్న పెళ్లాం గంగు చంటిపిల్లతో పరుగెత్తుకొచ్చింది. "అవ్వా, నీ కాళ్లు పట్టుకుంటా, ఆ కత్తి ఇయ్యకు."

"ఇయ్యకపోతే ఇంకొకడి కత్తి అడుక్కుంటాడు బిడ్డా. ఇస్తాను."

గంగు ఏడుస్తూ వెళ్లిపోయింది. లింబవ్వ తడి తోలుదారంతో కసవన్న కత్తి పిడినీ ఒర మూతినీ కలిపి, పిడికి వేలాడే కుచ్చు చాటున మూడు కుట్లు వేసింది. బైరోజి కత్తికీ అలాగే వేసింది. రెంటినీ ఎండలో పెట్టింది. తడి తోలు ఎండితే ఇనుములా బిగుస్తుంది.

భయపడకండి, ఈ కథలో ఎవరూ చావరు.

మధ్యాహ్నం ఇద్దరూ వచ్చి ఎవరి కత్తి వాళ్లు పట్టుకెళ్లారు. కోట జనమంతా మైదానంలో చేరారు. ఇద్దరూ పిడి పట్టి లాగారు. రాలేదు. పళ్లు బిగించి లాగారు. రాలేదు. ఒరను కాళ్ల మధ్య ఇరికించి లాగారు. రాలేదు.

"బైరోజీ, ఒరతోనే బాదు!" అని ఎవరో అరిచారు. జనం విరగబడి నవ్వారు.

ఇద్దరూ జనంలో ఉన్న లింబవ్వ మీదికి వచ్చారు. "ముసలీ, మా పరువు తీశావు!"

"మూడే కుట్లు. గోళ్లతో విప్పుకోండి, నేను ఆపను," అంది లింబవ్వ. "కానీ నెత్తురు కడిగీ కడిగీ నా చేతులు అలిసిపోయాయి. మీ ఒరలు మాత్రం నా దగ్గరికి తేకండి."

ఇద్దరూ అక్కడే కూలబడి విప్పసాగారు. మొదటి కుట్టు విప్పేసరికి చెమట పట్టింది. రెండో కుట్టు దగ్గర బైరోజి గోరు విరిగింది.

"పంటితో లాగరా," అన్నాడు కసవన్న. అనేశాక నాలుక కరుచుకున్నాడు. పందెం తర్వాత అతనితో అన్న మొదటి మాట అదే.

బైరోజి పంటితో లాగాడు. రెండో కుట్టు వచ్చింది. మూడో కుట్టు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

"నీ గుర్రం మంచిదే," అన్నాడు చివరికి. "ఓడిపోతానన్న భయంతో ఆ కూత కూశాను."

మూడో కుట్టు ఎవరూ విప్పలేదు. ఆ కత్తులు అలాగే ఆయుధశాలకు వెళ్లాయి. అది చూసిన మిగతా రౌతులు, "అవ్వా, మాకూ వెయ్యి," అని వరస కట్టారు. పొద్దుగుంకేసరికి దండులోని ప్రతి ఒర మూతికీ లింబవ్వ కుట్లు పడ్డాయి.

ఆమె పోయిన రోజు పాడె మోసింది రౌతులే. ముందు కసవన్న, పక్కన బైరోజి.

ఇప్పటికీ ఆ వైపు పిల్లలు కొట్టుకోబోతే, పెద్దవాళ్లు ఇద్దరికీ చెరో గుడ్డ మడిచి, మూడు కుట్లు వేసి ఇస్తారు. "లింబవ్వ కుట్లు విప్పుకుని రండి, తర్వాత కొట్టుకుందురు," అంటారు. పిల్లలు కూర్చుని విప్పుతారు. కొందరు మొండివాళ్లు మూడూ విప్పి మరీ లేచి వస్తారు. వాళ్లకు మళ్లీ కుట్టి ఇస్తారు.