ఏడుపొచ్చే సినిమా

ఫలానా సినిమా బాగుందా అని ఎవరైనా అడిగితే ఉమాకాంతం గారు వెంటనే బదులు చెప్పేవారు కాదు. "ఎవరితో కలిసి చూద్దామనుకుంటున్నారు?" అని అడిగేవారు. అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఆగేవారు కూడా. కాకినాడ నుంచి వెలువడే ఒక చిన్న వారపత్రికలో ‘ఈ వారం చూడదగినవి’ అనే శీర్షికను ఆయన చాలా ఏళ్లుగా రాస్తున్నారు. థియేటర్లకు కొత్తగా వచ్చినవి కొన్ని, టీవీలో రాబోయేవి కొన్ని ఏరి, ఒక్కోదాని గురించి ఒకటి రెండు వాక్యాలు రాసేవారు. ఊళ్ళో చాలామంది ఆ అరపేజీ చదివాకే తమ ఆదివారం సంగతి తేల్చుకునేవారు. అది కూడా చాలనివాళ్ళు గురువారం సాయంత్రం, పత్రిక అచ్చుకు వెళ్ళిపోయాక, నేరుగా కార్యాలయం వరండాలోకే వచ్చి కూర్చునేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన ప్రసూనకు ఈ వరండా కొలువు మొదటినుంచీ మింగుడుపడలేదు. ఆ అమ్మాయికి సినిమా అంటే ప్రాణం. హైదరాబాదులో ఉండి దానిమీదే చదువుకుని వచ్చింది. ఏ సన్నివేశం ఎందుకు పండిందో, ఏది ఎందుకు తేలిపోయిందో ఇట్టే చెప్పగలదు. చెప్పకుండా ఊరుకోలేదు కూడా. గురువుగారేమో సినిమా సంగతి వదిలేసి, వచ్చినవాళ్ళను "అత్తగారు కూడా వస్తారా? పిల్లాడికి పరీక్షలయ్యాయా?" అని ఆరా తీస్తూ కూర్చుంటారు. ఒక గురువారం ఇక ఉండబట్టలేక ఆమె అడిగేసింది.

"సినిమా బాగుందో లేదో చెప్పడం మన పని కదండీ. చూసేవాళ్ళ ఇంటి సంగతులన్నీ మనకెందుకు?"

ఉమాకాంతం గారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "అడగవలసిన ప్రశ్నే," అన్నారు. "ఇవాళ్టి నుంచి వచ్చినవాళ్ళకి నువ్వే చెప్పమ్మా," అని తన కుర్చీ ఆమెకిచ్చి, తాను గోడవారగా ఉన్న బల్ల మీదకు జరిగారు. తన ప్రశ్నకు గురువుగారు లొంగిపోయారనే ప్రసూన అనుకుంది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమెకు కాస్త గర్వంగానే అనిపించింది.

ఆ సాయంత్రమే నూకరాజు వచ్చాడు. జగన్నాథపురంలో మోటార్ వైండింగ్ షాపు నడుపుకునే మనిషి, నలభై దాటినవాడు. చాలాసేపు మెట్ల దగ్గరే నిలబడి, మిగతావాళ్ళంతా వెళ్ళిపోయాక పైకి వచ్చాడు.

"ఏడుపొచ్చే సినిమా ఏదైనా ఉంటే చెప్పండమ్మా," అన్నాడు.

ప్రసూనకు నవ్వొచ్చింది. అతని ముఖం చూసి ఆపుకుంది.

అతను మాటలు కూడదీసుకుంటూ చెప్పుకొచ్చాడు. అక్క మాణిక్యం వానాకాలంలో చనిపోయింది. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. పెళ్ళయి వెళ్ళి, భర్త పోయాక, కూతుర్ని తీసుకుని మళ్ళీ తమ్ముడి ఇంటికే వచ్చింది. జ్వరమని ఆసుపత్రిలో చేరిస్తే ఇక ఇంటికి రాలేదు. అందరికీ కబుర్లు చెయ్యడం దగ్గర్నుంచి పెద్దకర్మ భోజనాల దాకా అన్నీ నూకరాజే చూసుకున్నాడు. కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదు. రాలకపోతే పోనీలే అనుకోవడానికి లేదు. చావింట్లో ఎవరు ఎంత ఏడ్చారో కనిపెట్టి చూసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. వాళ్ళు చూశారు, ఊరుకోకుండా పైకే అన్నారు. అది అక్క కూతురు లావణ్య చెవిన పడింది. ఆ రోజు నుంచీ ఆ పిల్ల మేనమామతో మాట్లాడటం మానేసింది.

"కాలేజీకి సెలవులివ్వగానే వాళ్ళ బాబాయిగారింటికి వెళ్ళిపోతానంటందండి. మా అమ్మ కోసం ఏడవనోళ్ళ ఇంట్లో నేనుండనని ఆళ్ళకి ఫోన్‌లో చెప్పిందంట. ఏడుపుని నేను మాత్రం రావద్దంటానేంటండీ? అన్నం ముద్ద ఇక్కడే ఆగిపోతంది." అతను గొంతు కింద చెయ్యి పెట్టి చూపించాడు. "ఒక్కసారి ఏడుపొచ్చేస్తే దిగిపోద్దేమోనని..."

ప్రసూన మనసు కరిగిపోయింది. అప్పుడు ఊళ్ళో ఆడుతున్నవాటిలో తల్లీకొడుకుల కథ ఒకటుంది. మొదటి ఆటకే హాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. పట్టిపట్టి చూసే ప్రసూన కూడా ఏడ్చింది. దానికి వెళ్ళమని ఆమె గట్టిగా చెప్పింది.

మరుసటి గురువారం నూకరాజు మళ్ళీ వచ్చాడు. "సినిమా బాగుందమ్మా," అన్నాడు ముందుగా. చెప్పిన మనిషి చిన్నబుచ్చుకోకూడదని అతని తాపత్రయం. "నా పక్కనాయన అయితే భోరుమన్నాడండి. ఆయన్ని చూస్తే నాకు కుళ్ళొచ్చేసింది. ఇంక కూర్చోలేక బయటికొచ్చి సమోసాల బండి దగ్గర నిలబడిపోయాను."

ఆ వారం టీవీలో రానున్న ఒక పాత సినిమాను ప్రసూన ఎంచి చెప్పింది. చెల్లెలి కోసం అన్న ప్రాణాలిచ్చే కథ. అది చూడమని చెబుతుంటే ఆమె గొంతులో ధీమా కొంత తగ్గింది. ఆ పై గురువారం అతను మళ్ళీ అలాగే వచ్చి, "బాగుందమ్మా. మీరు మంచియ్యే చెబుతున్నారు. లోపం నాలోనే ఉంది," అన్నాడు. అతను తిట్టినా ప్రసూన ఓర్చుకునేదేమో. ఆ మాటకు మాత్రం ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. చేసేదిలేక గురువుగారి వైపు చూసింది.

ఉమాకాంతం గారు బల్ల మీద నుంచి లేవకుండానే అడిగారు. "మీ అక్కగారు సినిమాలు చూసేవారా?"

నూకరాజు ముఖం మొదటిసారి కాస్త తేటపడింది. "చూడకేమండీ! టీవీలో చూసిందే చూసేది. పక్కన కూర్చుంటే మనల్ని ఒక్క ముక్క విననివ్వదు. సినిమాలో ఆళ్ళు మాట అనేలోపే ఈవిడ అనేసేది. నోరుమూసుకుని చూడవే అని ఎన్నిసార్లు కసిరేనో!"

"ఏది ఎక్కువగా చూసేవారు?"

"పెళ్ళిచూపులోళ్ళు దారి తప్పి, గేదెని అమ్ముదామని కూర్చున్నోళ్ళ ఇంటికెళ్ళిపోతారు చూడండి. ఆ సినిమా అండి. అదొస్తందంటే పొయ్యి కట్టేసి వచ్చి కూర్చునేది."

ప్రసూనకు ఆ సినిమా తెలుసు. ఈ ఆదివారం మధ్యాహ్నం అది టీవీలో రాబోతోందనీ తెలుసు. పేజీలో కొంచెం చోటు మిగిలితే దాన్ని చేర్చి, ‘వేరే పనేమీ లేకపోతే చూడవచ్చు’ అని రాసింది ఆమే.

"ఆదివారం అది చూడండి," అన్నారు ఉమాకాంతం గారు.

నూకరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అది వద్దండి. ఆవిడ పోయాక అదెప్పుడొచ్చినా మార్చేస్తన్నాను."

"ఒక్కరే చూడకండి. మీకు అభ్యంతరం లేకపోతే మేమిద్దరం వస్తాం."

అతను చెప్పుల వైపు చూస్తూ తల ఊపాడు. అతను వెళ్ళాక ప్రసూన ఊరుకోలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి అలాంటి వెకిలి హాస్యం చూపించడం ఏం న్యాయమని గురువుగారిని నిలదీసింది. ఆయన గొడుగు వెతుక్కునే పనిలో ఉన్నారు.

ఆదివారం వాళ్ళు వెళ్ళేసరికి లావణ్య తలుపు తీసింది. మంచినీళ్ళిచ్చింది, కుర్చీలు వేసింది, మేనమామ వైపు చూడకుండానే లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ గది తలుపు ఓరగా ఉంది. నూకరాజు మంచం అంచున కూర్చుని టీవీ పెట్టాడు. సినిమా ప్రసూనకు జ్ఞాపకమున్నంత నాసిగానూ ఉంది. పాత్రలన్నీ అరుస్తాయి, ప్రతి అరుపుకూ వెనక డప్పొకటి మోగుతుంది. నడుమ సబ్బుల ప్రకటనలు. నూకరాజు కదలకుండా చూస్తున్నాడు. తన మాట నెగ్గుతున్నందుకు సంతోషించాలో, అతని కోసం బాధపడాలో ప్రసూనకు తెలియలేదు.

పెళ్ళివారు ఆ ఇంటికి చేరారు. పిల్ల సంగతులు చెప్పమని పెళ్ళికొడుకు తండ్రి అడుగుతున్నాడు. ఇంటాయన గేదె సంగతులు చెబుతున్నాడు. నెమ్మదైనదేనా అని వీళ్ళు అడిగారు. ఇంటాయన జవాబు చెప్పడానికి నోరు తెరవబోతున్నాడు. అప్పుడు నూకరాజు ఉన్నట్టుండి ఎడమ భుజం ముడుచుకుని, తల పక్కకు వంచి, మంచం మీద ఇవతలికి ఒరిగాడు. పురుగేదో వాలిందేమోనని ప్రసూన ఉలిక్కిపడి చూసింది. అక్కడేమీ లేదు.

"కొత్తవాళ్ళని చూస్తేనే తంతుందండి. అలవాటైతే ఏమీ అనదు," అన్నాడు టీవీలో ఇంటాయన. డప్పు మోగింది.

నూకరాజు అలా ముడుచుకునే ఉండిపోయి, తన పక్కన ఖాళీగా ఉన్న చోటుకేసి చూశాడు.

"అమ్మ అక్కడే కొట్టేది."

లావణ్య గది గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చిన వాళ్ళకు చెప్పాలని మొదలుపెట్టింది గానీ, చూపు మాత్రం మేనమామ మీదే ఉంది. "ఆ మాట తనే ముందు అనేసి, మావయ్య భుజం మీద ఒక్కటి చరిచేది. ఎప్పుడూ అంతే. మావయ్య తప్పించుకోబోయేవాడు. ఎప్పుడూ తప్పిం..." ఆ పిల్ల ముఖం చేతుల్లో దాచుకుంది.

నూకరాజు ఏదో అనబోయాడు. మాటకు బదులు లోపలినుంచి ఒక మూలుగు వచ్చింది, దాని వెంట ఇంకొకటి. తర్వాత అతను "అక్కా" అని గట్టిగా ఏడ్చాడు. పరాయివాళ్ళున్నారన్న సిగ్గు లేదు, ఆపుకోవాలన్న ఆలోచన లేదు. ఇన్నాళ్ళు తొక్కిపెట్టినదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. పక్కింటామె కంగారుగా కిటికీలోంచి తొంగిచూసింది. లావణ్య వచ్చి అతని ఎడమ పక్కన కూర్చుని, "మావయ్యా," అంటూ ఆ భుజం పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఎవరికీ టీవీ ఆపాలని తోచలేదు. అందులో గేదెకు బొట్టు పెడుతున్నారు, డప్పు మోగుతూనే ఉంది. ప్రసూన కూడా కళ్ళు తుడుచుకుంటోంది.

సినిమా ఎప్పుడు అయిపోయిందో ఎవరూ గమనించలేదు. లావణ్య ముఖం కడుక్కుని వచ్చి, భోంచేసి వెళ్ళాలని పట్టుబట్టి నలుగురికీ వడ్డించింది. నూకరాజు మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. బాబాయిగారింటి మాట ఆ పిల్ల ఎత్తలేదు. మేనమామకు గోంగూర వడ్డిస్తూ, "సెలవుల్లో గోడలకి సున్నం వేయిద్దాం మావయ్యా," అంది.

గురుశిష్యులిద్దరూ బస్సు కోసం నడిచారు. బస్టాపు నీడలో నిలబడ్డాక ప్రసూన మెల్లగా అంది.

"ఆ సినిమా గురించి నేను రాసింది మార్చాలండీ. ఈసారి వచ్చినప్పుడు ఏమని రాయమంటారు?"

ఉమాకాంతం గారు రోడ్డు చివరికి చూస్తున్నారు. బస్సు ఇంకా కనిపించడం లేదు.

"ఏ సినిమా గురించమ్మా? మనం చూసిందా, వాళ్ళు చూసిందా?"